మూడు పంపుల వైద్యం

జిద్దాలో మూడోసారి వరద వచ్చి, రోడ్ల మీద కార్లు బర్రెల్లా ఈదిన ఏడాది అది. అదే సౌదీలో ఉన్న బురైదాలో చుక్క వాన పడలేదు. అక్కడ పడ్డది లెవీ. పరాయి దేశపు మనిషి తలకింత అని కఫీల్, అంటే వీసా ఇచ్చి పిలిపించిన యజమాని, నెలనెలా సర్కారుకు కట్టాలన్నారు. పైగా నితాఖత్ అని రంగుల ముచ్చట ఒకటి. తమ దేశపు వాళ్లను పనిలో పెట్టుకున్న యజమానిది పచ్చ, పెట్టుకోని వాడిది ఎరుపు. ఎరుపులో పడ్డవాడి కింద పనిచేసే వాళ్లకు ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, మళ్లీ రాదు. ఇఖామా లేనివాడు ఆ దేశంలో ఉన్నా లేనట్టే.

అబూ రాకాన్ ఖర్జూర తోట ఎరుపులో ఉంది. పన్నెండుమంది పనివాళ్లలో పదిమందిని లెవీ ఇంటికి పంపింది. మిగిలింది ఇద్దరు: చెట్లెక్కే సదానందం, బండి నడిపే మస్తాన్ వలీ. సదానందంది జగిత్యాల దగ్గర పల్లె. కల్లు గీసిన చేతులు, యాభై నాలుగేళ్లు. పదకొండేళ్లుగా ఇక్కడ ఖర్జూర చెట్లెక్కుతున్నాడు. ఆయన ఇఖామాకు ఇంకా ఇరవై రోజులే గడువు. ఇంటి దగ్గర బిడ్డ కావ్య నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఇంకో రెండేళ్లు తాను ఇక్కడ నిలబడితే బిడ్డ నర్సమ్మ అవుతుంది. లేకుంటే పుస్తకాలు మూసి బీడీలు చుడుతుంది. ఆయనకున్న చింత అదొక్కటే.

ఆ పొద్దున ఆయన అనుకున్నది మామూలు పని. ఆడచెట్ల పూగెలలు విచ్చుకుంటున్నాయి. మగచెట్టు పూరెబ్బలు తెచ్చి వాటిలో దోపి కట్టాలి. నాలుగైదు రోజులు దాటితే గెల తాలుపోతుంది. మధ్యాహ్నంలోగా ఇరవై చెట్లు ముగించాలని మోకు నడుముకు వేసుకున్నాడు. కాలు చెట్టుకు ఆనించాడో లేదో, మస్తాన్ వలీ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది.

"దిగన్నా, దిగు! నువ్వు చెట్టెక్కగూడదంట!"

"ఇంకా ఎక్కనే లేదు. ఏం దిగాల్నోయ్?"

వెనక సీట్లోంచి కఫీల్ అబూ రాకాన్ దిగాడు. చేతిలో సదానందం ఇఖామా నకలు ఉంది. అందులో వృత్తి అని ఉన్న వరుసను పదకొండేళ్లుగా ఎవరూ చదవలేదు. ఆ పొద్దున కఫీల్ చదివాడు. చదివి, కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

జరిగింది ఇది. అప్పట్లో కఫీల్ తల్లికి మోకాళ్ల నొప్పులు. ఆయుర్వేదం తెలిసిన మలయాళీ కావాలని వీసా తీశాడు. మనిషి దొరికేలోగా ఆ తల్లి కన్నుమూసింది. వీసా ఖాళీగా చేతులు మారి మారి జగిత్యాల ఏజెంటుకు చేరింది, అక్కడినుంచి సదానందానికి. తోటలో దిగిన రోజు కఫీల్ అడిగింది ఒకటే మాట, చెట్టెక్కుతావా అని. ఎక్కుతానన్నాడు, ఎక్కాడు. కాగితంలో మాత్రం ఆనాటినుంచీ ఆయన ఆయుర్వేద తైలమర్దన నిపుణుడు.

"కార్మిక ఆఫీసు వాళ్లు తోటలన్నీ తిరుగుతున్నారు సదా," అన్నాడు కఫీల్. "కాగితంలో ఉన్న పనే మనిషి చేస్తున్నాడా లేదా అని చూస్తున్నారు. చెట్టు మీద దొరికావో, నాకు జరిమానా, నీకు ఖురూజ్."

ఖురూజ్ అంటే మళ్లీ రాకుండా పోవడం. సదానందానికి అరబ్బీ వినడం పూర్తిగా వచ్చు, మాట్లాడటం సగమే వచ్చు. ఈ మాటకు ఆ సగం కూడా పోయింది. మస్తాన్ వలీ వైపు తిరిగి, "మరి పూత సంగతేందో అడుగు," అన్నాడు.

"పూత వదిలెయ్. మర్దన చెయ్," అన్నాడు కఫీల్.

"ఎవలికి?"

కఫీల్ అంత దూరం ఆలోచించలేదు.

తోట మధ్యలో చుట్టాల కోసం కట్టిన ఇల్లొకటి ఉంది. సాయంత్రానికల్లా తోట గేటు మీద 'ఆయుర్వేద విశ్రాంతి కేంద్రం' అని బోర్డు లేచింది. నువ్వుల నూనె డబ్బా వచ్చింది. భోజనాల బల్ల మర్దన బల్ల అయింది. మస్తాన్ వలీ ఎక్కడినుంచో ఆసుపత్రి తెల్లబట్టలు తెచ్చాడు. అవి సదానందానికి చంకల్లో పట్టేశాయి.

"అచ్చం డాక్టరు మాదిరే ఉండావన్నా."

"డాక్టరు చేతులు కిందికి దిగుతయి గదనోయ్. నాయి దిగుతలేవు."

వేషం కుదిరింది, విద్య కావాలి. మస్తాన్ వలీ ఊళ్లో ఆసుపత్రి నర్సు రత్నమణికి ఫోను కలిపాడు. ఆమెది తెనాలి వైపు.

"ఆయుర్వేదమా? నేను ఇంజెక్షన్లు చేసేదాన్నండీ అన్నయ్యగారూ! సరే, మా రూములో మలయాళీ అమ్మాయి పుస్తకం ఉంది. చదువుతాను, రాసుకోండి."

"రాసుడు నాతోని గాదమ్మా. సెప్పు, యాదికుంచుకుంట."

"ఒంట్లో మూడుంటాయటండీ. వాతం, పిత్తం, కఫం. మూడూ సమంగా ఉంటే ఆరోగ్యం. వాతమంటే గాలి. అదెక్కువైతే నిద్రపట్టదు, కీళ్లు కటకటమంటాయి, మనిషి ఒక్కచోట నిలవడు. పిత్తమంటే వేడి. మంట, కోపం. కఫమంటే నీరూ మన్నూ. ఒళ్లు బరువు, బద్ధకం, గురక. వింటున్నారా?"

సదానందం మూడు వేళ్లు ముడిచి లెక్క చూసుకున్నాడు. తరువాత, "గివి మా పంపులేనమ్మా," అన్నాడు.

"పంపులేంటండీ?"

"తోటల మూడు పంపులున్నయి. ఒకటి గాలి గుంజుతది. ఊకె మొత్తుకుంటది గని నీళ్లియ్యది. ఇంకోటి జరసేపు నడిస్తె కాగి కమురువాసన కొడతది. మూడోది బురద వట్టి కూసుంటది. పదకొండేండ్ల సంది వాటికి మందు జేసేది నేనే."

"అయ్యో, మనుషులు పంపులు కాదు కదండీ!"

"కాదమ్మా. పంపులు సెప్తె ఇంటయి."

రత్నమణి నవ్వాపుకుని మిగతా పుస్తకం చదివింది. వేళకు తిండి, వేళకు నిద్ర, గోరువెచ్చని నీళ్లు, ఒంటికి నూనె, చేతికి కాస్త పని. చివర గట్టిగా హెచ్చరించింది. "ఎవరి మాత్రలూ మాన్పించకండి. గుండెల్లో నొప్పంటే మాత్రం మా దగ్గరికి తోలెయ్యండి."

రెండు రోజులు తనిఖీవాళ్ల జాడ లేదు. మూడో రోజు బోర్డు చూసి కఫీల్ బావమరిది అబూ నవాఫ్ బండి లోపలికి తిప్పాడు. ముప్పై ఏళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చుని కిందటేడు దిగినవాడు. నడుం నొప్పి, నిద్ర లేదు, మనిషికంటే పొట్ట ముందు నడుస్తుంది. ఊళ్లో ఏ సంగతైనా ఆయన నోటి గుండానే పోవాలి. అలాంటివాడికి ఇది ఉత్తుత్తి కేంద్రమని ఎలా చెప్పడం? కఫీల్ నవ్వుతూ బల్ల చూపించాడు.

సదానందం నూనె రాశాడు. కల్లు గీసిన చేతులు ఆకురాయికి అన్నదమ్ములు. పైగా పట్టు తప్పితే ప్రాణం పోయే పనిలో పండినవి, పట్టింది వదలవు. అబూ నవాఫ్ పెట్టిన కేకకు చెట్ల మీది పావురాలు లేచి పక్క తోటకు పోయాయి. పది నిమిషాలకు ఆయన లేచి, "తగ్గింది, తగ్గింది," అన్నాడు. నిజంగా తగ్గిందో, మళ్లీ పడుకోబెడతారని భయపడ్డాడో దేవుడికి తెలియాలి. అక్కడే మూలన చాప మీద ఒరిగి, తెల్లారేదాకా గుర్రుపెట్టాడు. ఆరేళ్లలో అంత నిద్ర పోలేదట.

మరుసటి రోజుకు ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది. వద్దంటే వినలేదు, ఊరికే వద్దని కఫీల్ చేతిలో నోట్లు కుక్కారు. సదానందం ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, గాలి పంపా, వేడి పంపా, బురద పంపా తేల్చేవాడు. మస్తాన్ వలీ దాన్ని అరబ్బీలో శాస్త్రంగా మార్చేవాడు. నిద్ర చెడుతుందని గేటు దగ్గరే వాళ్ల ఫోన్లు తీసుకున్నారు. పొద్దుగూకకముందే బార్లీ అంబలి పోశారు. "మా అవ్వ ఇలాంటిదే కాచేది," అని ఒక ముసలాయన రెండో గిన్నె అడిగాడు.

అంతా బాగానే ఉంది. పూత మాత్రం బాగాలేదు. పైన గెలలు ఒకటొకటే విచ్చుకుంటుంటే, చెట్టు ముట్టుకోరాదన్న ఆనతో సదానందం కింద తెల్లబట్టల్లో కూర్చున్నాడు. కాలువల్లో పూడిక నిండి నీళ్లు ఆగిపోయాయి. చూసి చూసి ఇక ఆగలేక ఒక బురద పంపును వేలితో చూపించాడు.

"గీయినెకు మందు గా కాలువల ఉంది. పూడిక తియ్యమను."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అన్నా? వాళ్లు దొరలు! పార ఇస్తావా చేతికి?"

"పంపుల బురద వడితె పంపునే ఇప్పాలె. నువ్వు సెప్పు."

మస్తాన్ వలీ కళ్లు మూసుకుని, ఇది వేల ఏళ్ల నాటి భూమి చికిత్స అని చెప్పాడు. ఆ మనిషి చెప్పులు విడిచి కాలువలో దిగాడు. పక్కవాడు నాకెందుకు లేదు చికిత్స అని అలిగాడు. సాయంత్రానికి పారలు చాలక పక్క తోటనుంచి తెప్పించారు.

కఫీల్ వచ్చి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అతిథుల చేత మట్టి మోయించానా! మా తాతలు సమాధుల్లోంచి లేచి వస్తారు!"

"రానీ, ఇంకా రెండు పారలున్నాయి," అన్నాడు అబూ నవాఫ్. "ముందు నువ్వు నా కాలువకు అడ్డం తప్పుకో."

అబూ నవాఫ్ అంతటితో ఆగలేదు. చిన్నప్పుడు తండ్రితో చెట్లెక్కి పూత కట్టినవాడట. కుర్చీ అదంతా మరిపించింది. పదో రోజు మోకు కావాలని పట్టుబట్టాడు. సదానందం వద్దన్నాడు, తిట్టాడు, చివరికి తోటలోకెల్లా పొట్టి చెట్టు చూపించి తన చేతులతో రెండు ముడులు వేసి ఎక్కించాడు.

సరిగ్గా అప్పుడే తెల్ల కారొకటి వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాల కుర్ర అధికారి చేతిలో పలక లాంటి ఫోనుతో దిగాడు.

"ఇక్కడ పనిచేసే వాళ్లెవరు?"

కాలువలో ఉన్న ఎనిమిదిమంది చేతులెత్తారు. చెట్టు మీది నుంచి తొమ్మిదో చెయ్యి లేచింది.

"మీరు... సౌదీలేనా?"

"ముందు నీ కార్డు చూపించు," అన్నాడు అంబలి అడిగిన ముసలాయన.

"మరి నీడలో కూర్చున్న ఆ ఇండియావాడు?"

"ఆయన చెప్తాడు, మేం చేస్తాం."

అధికారి రెండుసార్లు లెక్కపెట్టి కళ్లద్దాలు తీశాడు. కఫీల్ చెమటలు తుడుచుకుంటూ, "ఇది పని కాదు నాయనా, చికిత్స. వీళ్లే నాకు ఎదురు డబ్బిస్తున్నారు," అన్నాడు.

"కాలువ తవ్వి, డబ్బు కూడా వీళ్లే ఇస్తున్నారా?"

"అవును."

"నేను మీకెలా కనిపిస్తున్నాను?"

అధికారి సదానందం ఇఖామా తీసుకుని చదివాడు. "తైలమర్దనం. ఆరోగ్య శాఖ లైసెన్సు ఏది?"

కఫీల్ మస్తాన్ వలీని చూశాడు. మస్తాన్ వలీ నూనె డబ్బాను చూశాడు.

"లైసెన్సు లేకుండా మర్దన చేస్తే నేరం," అన్నాడు అధికారి. "చెయ్యకపోతే ఇఖామా అబద్ధం. ఎటు చూసినా ఇతనికి ఖురూజే."

సదానందానికి కావ్య ముందర బీడీల చాట కనబడింది. ఇన్నాళ్లూ అబద్ధం తొడుక్కుని ఊపిరాడలేదు, పోయేదెట్లాగూ పోతోంది. తెల్లచొక్కా గుండీలు విప్పాడు. "నేను వైద్యున్ని గాను సార్. ఊర్ల కల్లు గీసేటోన్ని. ఈడ చెట్లెక్కుత, పంపులు జూస్త. గంతే."

మస్తాన్ వలీ కల్లు మాట మింగేసి మిగతాది అరబ్బీలో చెప్పాడు.

అప్పుడు చెట్టు మీదినుంచి అబూ నవాఫ్ గొంతు వినిపించింది. "నాకు మొదటి రోజే తెలుసు! ఏ వైద్యుడి చేతులైనా అలా ఉంటాయా?"

"తెలిసి ఎందుకొచ్చారు?" అన్నాడు అధికారి.

"నిద్రపడుతోంది కనుక! ఇతను పోతే తోట మూత, నేను మళ్లీ కుర్చీలో. ఇదిగో, తోట పనివాడని నా పేరు రాసుకో."

"నాదీ," అన్నాడు ముసలాయన. అతని పక్కనున్న పనిలేని మేనల్లుడు, ఇంటికి పోతే పెళ్లాం చేత తిట్లు తినేవాడు, మూడో చెయ్యెత్తాడు.

అధికారి ఫోన్లో చాలాసేపు గెలికాడు. ముగ్గురు సౌదీలను బీమాలో ఎక్కించి జీతానికి పెట్టుకుంటే తోట పచ్చలోకి వస్తుంది. పచ్చలో ఉన్నవాడు పనివాడి వృత్తి మార్చుకోవచ్చు, ఇఖామా మళ్లీ తీసుకోవచ్చు. జరిమానా కఫీల్ కట్టాలి, బోర్డు ఇప్పుడే దించాలి.

"దిగొచ్చి సంతకం పెట్టండి," అన్నాడు పైకి చూసి.

"ఇంకా రెండు గెలలున్నాయి. ఆగు."

అధికారి ఆగాడు. ఆగినంతసేపు అతనికీ ఒక గిన్నె అంబలి పోశారు.

గడువు రెండు రోజులుందనగా కొత్త ఇఖామా వచ్చింది. వృత్తి: వ్యవసాయ కూలీ. సదానందం ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు.

"బాపూ, అయితె డాక్టరు పోస్టు పోయిందా?" అంది కావ్య.

"పోయింది బిడ్డా. ఇప్పుడు కాగితంల గూడ కూలోన్నే."

"మరి గంత సంతోషమేంది?"

"నువ్వు సదువుకో. మూడో ఏడు ఫీజు ఎప్పుడన్నరో అడిగి సెప్పు."

మరునాడు పొద్దున నాలుగింటికే లేచి తోటలోకి పోయాడు. కొత్త కూలీలు ముగ్గురూ అప్పటికే వచ్చి, ఉన్న పనంతా పంచేసుకుని, నువ్వు చెప్పేవాడివి, పోయి పడుకోమన్నారు. సదానందం తిరిగి వచ్చి, పదకొండేళ్లలో మొదటిసారి తొమ్మిదింటిదాకా పడుకున్నాడు. లేచేసరికి నడుం పట్టేసింది.