పసుపు గొడుగు ఎటు పోతే అటు

ఆ రోజు ఉదయం అనుకున్న పని చాలా మామూలుది. గైడు ఏడున్నరకి ఇంట్లోంచి బయలుదేరాలి. ఎనిమిదింటి లాంచీలో ఇరవైరెండు మంది యాత్రికుల్ని సరస్సు అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాలి. పైన్ చెట్ల అడవిలోంచి జలపాతం మీదుగా కొండకొమ్ము దాకా నడిపించి, సాయంత్రం నాలుగున్నర లాంచీకి మళ్ళీ రేవుకి చేర్చాలి. ఆరు నెలలుగా అతను చేస్తున్నది అదే. ఇవాళ్టి తేడా ఒక్కటే. ఆ ఇరవైరెండు మందిలో ఒకరు యాత్రికుడు కాదు, యాత్రలు నడిపే కార్యాలయం వాళ్ళు పంపిన పరీక్షాధికారి. అది ఎవరో ముందుగా చెప్పరు. ఆ మనిషి సరేనంటే గైడు ఉద్యోగం ఖాయమవుతుంది. ఉద్యోగంతో పాటు ఒడ్డున రెండు గదుల ఇల్లు కూడా వస్తుంది.

ఉద్యోగం మీద ధ్యాస గైడుది. ఇంటి మీద కన్ను అతని పెళ్ళానిది. పెళ్ళయి నలభై ఒక్క రోజులైంది. ఇన్ని రోజులూ వాళ్ళ కాపురం అతని అక్కగారింట్లో, హాల్లో కట్టిన తెరకి ఇవతల సాగుతోంది. తెర మంచిదే. నీలం మీద తెల్లపూలు, పొద్దున్నే ఎండ పడితే ఆ పూలు దుప్పటి మీదికి దిగివస్తాయి. కొత్తపెళ్ళికూతురు వాటిని రోజూ లెక్కపెట్టి మురిసిపోయేది. చిక్కల్లా పేపరుతో వచ్చింది. పేపరు పడేది తెరకి ఇవతల, చదివే బావగారు ఉండేది తెరకి అవతల. ఆయన మర్యాద తెలిసిన మనిషి కాబట్టి తెర దాటే ముందు మూడుసార్లు దగ్గుతాడు. మొదటి దగ్గుకి గైడు మంచం దిగుతాడు. రెండో దగ్గుకి ఆమె జుట్టు ముడేసుకుంటుంది. మూడో దగ్గుకి ఇద్దరూ రైలుపెట్టెలో ముక్కూమొహం తెలియని ప్రయాణికుల్లా చెరోవైపు చూస్తూ నిలబడతారు. మొదటి వారం ఆ దగ్గులు కూడా ఆమెకి ముచ్చటగానే ఉన్నాయి.

"అన్నీ పెట్టుకున్నావా?" అని గుసగుసగా అడిగింది ఆమె. తెర అవతలికి వినిపించేలా అయితే "పెట్టుకున్నారా అండీ" అనేది.

"పెట్టుకున్నా. జలపాతం దగ్గర అంతా మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

"నాకు రోజూ చెప్పినట్టే చెప్పు."

"నువ్వు సగంలో నిద్రపోతావు."

"వాళ్ళు నిలబడి వింటారుగా! నిలబడి ఎవరూ నిద్రపోరు. వెళ్ళు, ఇల్లు గెలుచుకుని రా."

అతను కొత్త పసుపు గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాలకి తెర అవతల కేక వినిపించింది.

"ఏమేవ్, నా కాలు రాత్రికి రాత్రి వాచిపోయిందా ఏంటి? బూటు ఎక్కట్లేదు!"

"వాచింది కాలు కాదు," అంది ఆడపడుచు లోపల్నుంచి. "కళ్ళజోడు పెట్టుకుని చూడండి. అది మా తమ్ముడిది."

కొత్తపెళ్ళికూతురు తెర తోసుకుని వచ్చింది. బావాబావమరుదులిద్దరూ ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకేరకం నల్లబూట్లు కొన్నారు. కాకపోతే బావగారి పాదం రెండు సైజులు పెద్దది. అంటే గైడు ఎడమకాలికి తన బూటు, కుడికాలికి బావగారి బూటు వేసుకుని పరీక్షకి వెళ్ళాడన్నమాట. కొండదారిలో ఎనిమిది కిలోమీటర్లు!

"వదినా, ఇప్పుడే వస్తా!" అని ఆ కుడిబూటు అందుకుని గుమ్మం దాటింది.

"వాన పడుతోందే పిల్లా! గొడుగైనా పట్టుకెళ్ళు!" అంటూ ఆడపడుచు తలుపు వెనకనున్న గొడుగు తీసి చేతిలో పెట్టింది. అది కూడా పసుపుదే. ఒక పుల్ల వంగిపోతే బాగుచేయించడానికి గైడు ఇంటికి తెచ్చిన పాత ఆఫీసు గొడుగు.

యాత్రికులకి ముందురోజే ఒక కాగితం ఇస్తారు. అందులో ఉండేవి మూడే మూడు ముక్కలు. పసుపు గొడుగు వెంట నడవండి. గొడుగు ఆగితే ఆగండి. ప్రశ్నలు చివర్లో అడగండి. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా తప్పిపోకపోవడానికి కారణం ఆ కాగితమేనని కార్యాలయం వాళ్ళ నమ్మకం.

ఆమె రేవు చేరేసరికి ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువ. భర్త ఎక్కడా కనిపించలేదు. గొడుగు ఒక చేత్తో, బూటు ఒక చేత్తో పైకెత్తి జనం మధ్య అటూ ఇటూ తిరిగింది. ఆమె ఎటు తిరిగితే అటు చప్పుడు లేకుండా ఒక వరస తిరగడం మాత్రం గమనించలేదు.

"గైడుగారు లాంచీ ఎక్కేశారా?" అని తాడు విప్పుతున్న సరంగుని అడిగింది.

"ఎక్కే ఉంటారు, చూసుకోండమ్మా," అన్నాడు సరంగు తలెత్తకుండానే.

ఆమె ఒక్క ఉదుటున ఎక్కింది. వెనకే వరసంతా ఎక్కింది. సరంగు ఈల వేశాడు. లాంచీ కదిలింది.

అప్పుడు టికెట్ల గది తలుపు తెరుచుకుని గైడు బయటికొచ్చాడు. చేతిలో ముద్ర కొట్టించిన టికెట్లు, చంకలో మూసిన గొడుగు ఉన్నాయి. ఖాళీ రేవుని చూశాడు, లాంచీని చూశాడు, పరుగు మొదలెట్టాడు. ఒక అడుగు మామూలుగా పడింది, రెండో అడుగు తపేలా బోర్లించినట్టు పడింది. రేవు చివరికొచ్చేసరికి లాంచీకీ రేవుకీ మధ్య నీళ్ళు ఒక వీధంత వెడల్పయ్యాయి. అతని పక్కనే టోపీ పెట్టుకున్న ఇంకొకాయన కూడా ఆలస్యంగా వచ్చి ఆయాసపడుతూ నిలబడిపోయాడు.

"ఏవండీ!" అని అరిచి ఆమె బూటు ఊపింది.

వరసలో వాళ్ళందరూ ఎంతో ఆదరంగా అతనికి చేతులూపారు.

"పాపం, ఎవరికో లాంచీ తప్పిపోయింది," అంది ఒక ముసలావిడ.

"తొందరగా రావాలి మరి. మన గైడమ్మని చూసి నేర్చుకోవాలి," అన్నాడు ముసలాయన.

గైడమ్మ! ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. ఇన్ని మొహాలూ తన గొడుగు వంకే చూస్తున్నాయి. "నేను గైడుని కానండీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలో నోటుపుస్తకం పట్టుకున్న ఒకావిడ కలం తీసి సిద్ధంగా ఉండటం చూసి ఆ మాట అక్కడే ఆగిపోయింది. సందేహం లేదు, పరీక్షాధికారి ఈవిడే. గైడుకే లాంచీ తప్పిపోయిందని ఆ పుస్తకంలో పడిందంటే ఇంకేముంది, రెండు గదుల ఇల్లు గోవిందా! జన్మంతా మూడు దగ్గులే!

తరవాతి లాంచీ ఇంకో గంటకి ఉంది. అతను దాన్లో వచ్చి వడివడిగా నడిస్తే జలపాతం దగ్గర అందుకుంటాడు. అందాకా ఈ గుంపుని కాపాడితే చాలు. ఆమె కొంగు నడుముకి దోపింది.

"అమ్మా, ఆ బూటు దేనికి?" అని అడిగింది నోటుపుస్తకం ఆవిడ.

"ఎవరి బూటైనా తడిస్తే ఇవ్వడానికండీ."

"ఒకటే తెచ్చారే?"

"రెండు కాళ్ళూ ఒకేసారి జారవు కదండీ."

ఆవిడ తలూపి రాసుకుంది.

జలపాతం దాకా కొత్తపెళ్ళికూతురికి కొట్టినపిండే. అక్కడిదాకా గైడు పాఠమంతా ఆమెకి నోటికొచ్చు, అతను మధ్యమధ్యలో గొంతు సవరించుకోవడంతో సహా. ఎటొచ్చీ భర్త రావాలంటే నడక నెమ్మదించాలి. అడవిలో ఒక పెద్ద రాయి కనిపించగానే గొడుగు ఆపింది.

"ఇక్కడ అందరూ పది నిమిషాలు మాట్లాడకుండా ఈ రాయిని చూడాలి."

"ఎందుకూ?"

"ప్రశ్నలు చివర్లో!"

చూశారు. అలా ఊపిరి బిగబట్టి చూస్తుండగా వెనక నుంచి ఎర్రగొడుగు వెంట నడిచే ఇంకో గుంపు వచ్చింది. దాని గైడు మీసాలాయన, వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. ఒడ్డున ఖాళీ కాబోయే ఇల్లు ఆయనదే. ముప్పై ఏళ్ళుగా ఏ కొండ ఎత్తెంతో అడుగులతో సహా అప్పజెబుతూ వెనక్కి చూడకుండా నడవడం ఆయన పద్ధతి. ఆ రోజూ అలాగే నడిచాడు. ఆయన వెనకున్న పద్దెనిమిది మందీ మాత్రం, ఇంతమంది ఇంత శ్రద్ధగా చూస్తున్నారంటే ఆ రాయిలో ఏదో ఉండే ఉంటుందని ఆగిపోయి తామూ చూడసాగారు.

కొంచెంసేపటికి మీసాలాయన ఒగరుస్తూ తిరిగొచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? నా మనుషుల్ని నాకిచ్చెయ్!"

"నేనేమైనా కట్టేశానా బాబాయ్‌గారూ? నిక్షేపంగా తీసుకెళ్ళండి."

ఆయన ఎర్రగొడుగు ఎత్తాడు. ఒక్కరూ కదల్లేదు. "ఈ రాయి సంగతి తేలాక వస్తామండీ," అన్నారెవరో.

పసుపు గొడుగు కదిలింది. రెండు గుంపులూ దాని వెనకే కదిలాయి. అన్నిటి వెనకా, ఎర్రగొడుగు మూసేసుకుని, మీసాలాయన కదిలాడు.

జలపాతం వచ్చింది. భర్త రాలేదు. ఆమె దారి వంక చూసింది, మళ్ళీ చూసింది. చెట్లు తప్ప ఇంకేమీ లేవు. జలపాతం తరవాత అతనేం చెబుతాడో ఆమెకి ఒక్క ముక్క కూడా తెలియదు. పాఠం అక్కడికి వచ్చేసరికి ఏ రోజూ ఆమె మెలకువగా లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. నోటుపుస్తకం కొత్త పేజీ తిరిగింది. ఆమె పళ్ళు బిగించి, గొడుగు పైకెత్తి, కొండకొమ్ము వైపు నడక మొదలెట్టింది. పైకి చేరాక సరస్సుకి చెరోవైపునున్న రెండు కొండల్ని చూపించింది.

"ఇది చరిత్ర కాదు, కథ. ముందే చెబుతున్నా. ఆ రెండు కొండలకీ ఈమధ్యే పెళ్ళయింది."

అందరూ గడ్డిలో సర్దుకుని కూర్చున్నారు.

"మధ్యలో ఆ మబ్బు చూశారా? అది తెర. బంధువుల ఇంట్లో కాపురం కదా, గాలి మామయ్యగారు తెర దాటే ముందు మూడుసార్లు దగ్గుతారు. మొదటి దగ్గుకి పెళ్ళికొడుకు కొండ ఇటు జరుగుతుంది..."

నవ్వులు లేచాయి. ఆమెకి ఊపొచ్చింది. బిడియపడితే కొండ ఏ రంగుకి తిరుగుతుందో, అలిగితే మంచు ఎంతసేపు విడిపోదో, రాజీపడ్డాక సరస్సులో రెండు నీడలూ ఎలా కలుస్తాయో చెప్పుకుపోయింది.

"అయితే వాళ్ళకి సొంతిల్లు లేదా తల్లీ?" అని దిగులుగా అడిగింది ముసలావిడ.

"ఇంకా లేదండీ. ఇవాళ తేలుతుంది."

"ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు మీసాలాయన.

"మీరు వాటి ఎత్తే అడిగారు బాబాయ్‌గారూ. క్షేమం అడగలేదు."

సరిగ్గా అప్పుడు దారి మలుపులో గైడు కనిపించాడు. కుడిబూటుని పురికొసతో కాలికి కట్టేసుకున్నాడు. ఒక చేత్తో ఎవరిదో సంచి, ఇంకో చేత్తో ఎవరిదో చెయ్యి పట్టుకున్నాడు. అతని వెంట ఏడుగురున్నారు. వాళ్ళ వెనక రేవు దగ్గర లాంచీ అందుకోలేకపోయిన టోపీ ఆయన.

ఆమె పరుగున వెళ్ళి బూటు చేతికిచ్చి, నోటుపుస్తకం ఆవిడ ముందు చేతులు జోడించింది. "మేడమ్, తప్పంతా నాదేనండీ. గైడు ఈయన. నేను వట్టి భార్యని. ఈయన ఉద్యోగం మాత్రం తియ్యకండి."

"నేనెలా తీస్తానమ్మా?" అని ఆవిడ బిత్తరపోయింది. "మా చెల్లెలికి ఉత్తరం రాసుకుంటున్నా. దానికీ కొత్తగా పెళ్ళయింది, నీ మాటలు పనికొస్తాయనీ..."

"పరీక్షాధికారిని నేను," అన్నాడు టోపీ ఆయన.

గైడు చేతిలోని సంచీ బూటూ కింద పెట్టేశాడు. "సార్... దారంతా మీతో అన్నీ చెప్పేశానే!"

"మీ ఆవిడ గుంపుని ఎత్తుకుపోయిందన్నది రెండుసార్లు చెప్పావు," అని ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎంతమందితో బయలుదేరారమ్మా?"

"చాలామందండీ."

"ఎంతమందిని పైకి తెచ్చారు?"

ఆమె చుట్టూ చూసింది. "చాలామందినేనండీ."

"ఏడుగురిని దారిలో పారేసుకున్నారు. ఒకావిడ కళ్ళజోడు జారిపోయి గడ్డిలో తడుముకుంటోంది. ఇద్దరు అలిసిపోయి కూలబడ్డారు. ముగ్గురు వేరే దారి పట్టారు. ఈయనైతే ఆ రాయి దగ్గర ఇంకా నిలబడే ఉన్నాడు. కదలమని ఎవరూ చెప్పలేదట. మీ ఆయన కుంటుకుంటూ ఒక్కొక్కరినీ ఏరుకొచ్చాడు. ఒక్కరి మీద కూడా విసుక్కోలేదు."

ఆమె తల వాల్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గొడుగు మాత్రం దించలేదు.

"పైకొచ్చి చూస్తే ముప్పై మందికి పైగా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు," అన్నాడాయన. "మా మీసాల పెద్దాయన కూడా. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా అలా నేనెప్పుడూ చూడలేదు. ఉన్న ఉద్యోగం ఒక్కటే. మీరు మాట్లాడగలరు, లెక్కపెట్టలేరు. ఈయన లెక్కపెట్టగలడు, మాట్లాడితే మీరే నిద్రపోతారట. అందుకని చెరిసగం. మీరు ముందు నడుస్తారు, ఈయన వెనక నడుస్తాడు."

"సార్, ఆరు నెలలుగా గైడుని నేను కదండీ," అన్నాడు గైడు నీరసంగా.

"ఇప్పుడూ నువ్వేనయ్యా. వెనక సగం."

"ఇల్లు కూడా సగమేనా సార్?" అంది ఆమె చప్పున.

"ఇల్లు మొత్తం తీసుకోండమ్మా."

నాలుగున్నర లాంచీలో నలభై మందీ ఎక్కారు. గైడు రెండుసార్లు లెక్కపెట్టాడు. మూడోసారి పెట్టబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇక్కడ తెరా లేదు, అవతల బావగారూ లేరు కాబట్టి, "నువ్వే గెలిచావు," అంది.

"ఎవరు గెలిచారో ఆఫీసు వాళ్ళిచ్చే ఉద్యోగం కాగితం మీద వస్తుందిలే," అన్నాడు అతను. అయినా చెయ్యి వదల్లేదు.

మరుసటి నెలలో మీసాలాయన ఇల్లు ఖాళీ చేశాడు. సామాను అంతా చేరాక ఆమె గబగబా ముందు లోపలికి వెళ్ళింది. అతను గుమ్మంలో ఆగి, వెనక ఇంకెవరూ మిగిలిపోలేదని ఒకసారి సరిచూసుకుని తలుపు వేశాడు.