బకెట్టు ముందు వరుస

డ్రిల్లు మాస్టారు ఆ ఉదయం అద్దం ముందు నిలబడి నవ్వకుండా ఉండటం సాధన చేశారు. పెదవులు బిగించి, కనుబొమలు ముడిచి, చివరికి పంటినొప్పి మనిషిలా తయారయ్యారు.

"అంత అక్కర్లేదండీ," అంది భార్య. "మామూలుగా చూసి, బాగుందని ఒక్క మాట అనండి చాలు."

ఆవిడ భయం ఆవిడది. రెండేళ్ళ కిందట ఆవిడ చెల్లెలు మొదటిసారి కళాప్రదర్శన పెట్టినప్పుడు, హాలు మధ్య పాత చెప్పులు కుప్పగా పోసి ఉన్నాయి. మాస్టారు వాటిని చూసి, "ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరివి వాళ్ళకి దొరుకుతాయా?" అని పగలబడి నవ్వారు. మైదానం ఆ చివరున్న పిల్లల్ని అదలించే గొంతు అది. హాలంతా తిరిగి చూసింది. మరదలు ఆ రోజు నుంచి అక్క గడప తొక్కలేదు. మాస్టారు లోలోపల కుమిలిపోయారు గానీ, తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోటికి అలవాటు లేదు.

ఇవాళ నగరంలోని అంతర్జాతీయ సమకాలీన కళల కేంద్రంలో ఆ మరదలి కొత్త ప్రదర్శనకు ఆఖరి రోజు. విదేశం నుంచి ఒకావిడ వస్తోంది. కేంద్రమంతా తిరిగి, తమ దేశానికి తీసుకెళ్ళడానికి ఒకే ఒక్క కళాకృతిని ఎంచుకుంటుంది. మరదలు ఈ రెండేళ్ళూ పడ్డ కష్టం ఆవిడ ఒక్క చూపు మీద ఆధారపడి ఉంది.

"రెండో అంతస్తు, నడవా చివర అని చెప్పింది చెల్లి. కాస్త ఆగండి, ఈ సంచులు కౌంటర్లో ఇచ్చి వస్తాను," అంది భార్య, సాయంత్రం కేంద్రం కింది అంతస్తులో. ఆగడం మాస్టారి ఒంట్లో లేదు. ఒక్కరే పైకి వెళ్ళారు.

నడవా మధ్యలో పసుపు రంగు బకెట్టు, చుట్టూ తాడు, పక్కన నేల తుడిచే కర్ర. పైకప్పు నుంచి బకెట్టులోకి చుక్క పడుతోంది. రాత్రి వానకు కప్పు కారుతోందని కాపలాదారు పెట్టిన బకెట్టు అది. ఎవరూ జారిపడకుండా తాడు కూడా కట్టాడు. కానీ చెప్పుల కుప్పను చూసి వచ్చిన మనిషికి ఇది మరదలి పనే అనిపించడంలో వింతేముంది? మాస్టారు నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఏం క్రమశిక్షణండీ," అన్నారు పక్కన ఆగిన ముసలాయనతో. "చుక్క వెనక చుక్క. ఒక్కటైనా తోసుకుని ముందుకొస్తుందేమో చూడండి. మా మరదలు చేసింది."

ముసలాయన వంగి చూశాడు. ఆయన చూశాడని ఇంకో ఇద్దరు, వాళ్ళు చూశారని పదిమంది. గుంపు కనబడితే మాస్టారు ఊరుకోగలరా?

"తోసుకోకండి. వరుసలో రండి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక."

ఒక్కరూ కాదనలేదు. అలాంటి చోట ఎవరైనా గట్టిగా ఆజ్ఞాపిస్తే అదీ కళలో భాగమే అనుకుంటారు జనం. ఇంతలో తెల్లజుట్టు విదేశీ వనిత ఒకావిడ వచ్చింది, తాటిచెట్టంత మనిషి. మాస్టారు ఎగాదిగా చూసి, వెనక్కి వెళ్ళమని సైగ చేశారు. ఆవిడ సంతోషంగా వెళ్ళి ఆఖరున నిలబడింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడకన్నా పొట్టే కాబట్టి, ప్రతివాళ్ళనీ ఆవిడ ముందే నిలబెట్టారు.

భార్య పైకి వచ్చి ఆ వరుస చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంతమందీ మా చెల్లి పని చూడ్డానికేనా?"

"మరేమనుకున్నావ్? నువ్వు పొట్టి, ముందుకెళ్ళు."

వరుస పెరిగి పెరిగి నడవా చివరి గది తలుపు దాకా పాకింది. ఆ గది నిండా మరదలు వేలాడదీసిన సన్నటి తెల్ల దారాలు ఉన్నాయి. ఎవరైనా లోపలికి నడిస్తే, వాళ్ళ ఊపిరికి అవి కదలాలి. పొద్దుటి నుంచి ఒక్కరూ రాలేదు. మరదలు ఉండబట్టలేక తలుపు తెరిచింది. గుమ్మం ముందే అంత జనాన్ని చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. మరుక్షణం తెలిసింది, తన వైపున్నవన్నీ వీపులే.

కేంద్రం మేనేజరు రొప్పుతూ వచ్చి, పొడుగాటావిడ దగ్గర ఆగింది. "ఇక్కడున్నారా అండీ? మీ విమానానికి వేళయిపోయింది." ఆవిడ తమ భాషలో ఏదో గబగబా చెప్పింది. మేనేజరు జనం వైపు తిరిగింది.

"పొడుగువాళ్ళకి ఎప్పటికీ వంతు రాని వరుస. ఇలాంటిది ఎక్కడా చూడలేదంటున్నారు. దీన్నే ఎంచుకుంటారట. ఎవరిదండీ ఇది?"

"మా మరదలిది," అన్నారు మాస్టారు, ఛాతీ విరుచుకుని, గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూపిస్తూ.

అందరూ ఆమె వైపు తిరిగారు. అక్క అవుననమని కళ్ళతోనే బతిమాలింది. మరదలు బకెట్టును చూసింది, బావను చూసింది.

"నాది కాదండీ," అంది. "నాది ఈ గదిలో ఉంది."

పొడుగాటావిడ తలుపులోంచి తొంగి చూసింది. అక్కడి నుంచి చూస్తే ఆ దారాలు కనబడవు, లోపలికి నడవాలి. ఖాళీ గది అనుకుని మర్యాదగా నవ్వి, మేనేజరు వెంట మెట్లు దిగిపోయింది. కాపలాదారు వచ్చి, నిండిన బకెట్టు ఎత్తుకెళ్ళి పారబోశాడు. అప్పుడు అర్థమైంది మాస్టారికి.

కేంద్రం మూసే గంట కొట్టారు. జనం వెళ్ళిపోయారు. భార్య గుమ్మం పక్కన గోడకు చేరగిలబడింది. మాస్టారు గదిలోకి వెళ్ళి, దేనికీ తగలకుండా నిటారుగా నిలబడ్డారు.

"తప్పయిందమ్మా," అన్నారు. ఆ గొంతు ఆయనదేనా అనిపించేంత చిన్నగా వచ్చింది. "అప్పుడూ, ఇప్పుడూ."

"ఊపిరి తీసుకోండి బావా," అంది మరదలు. "బిగబట్టుకుంటే అవి కదలవు."

ఆయన ఊపిరి వదలబోయి ఏడ్చేశారు. దగ్గరున్న దారాలు కదిలాయి, వాటి వెనకవి కదిలాయి, గది ఆ చివర దాకా కదులుతూ పోయాయి. మరదలు ఆయన్ని మరచిపోయి వాటినే చూస్తూ నిలబడింది.

ఆ రోజు ఆ గదికి వచ్చిన ప్రేక్షకుడు ఆయనొక్కరే. ఆయనా మూసే గంట కొట్టాక వచ్చారు.