కంచు ముద్దను తీసేయించే పని

ఆ శనివారం పొద్దున బార్లీ టీ తాగుతూ ప్యో సాంగ్‌దాల్ ఒక పని పెట్టుకున్నాడు. మధ్యాహ్న భోజనంలోపు నలభై సంతకాలు సేకరించాలి. అవి చేతికొస్తే జొంజు నగరంలోని వాళ్ళ అపార్టుమెంట్ల ముందున్న కంచు ముద్ద పోతుంది, ఆ చోట రెండు కార్లు పడతాయి. బస్సు డ్రైవరుగా రిటైరై నివాసుల సంఘానికి అధ్యక్షుడైన దగ్గర్నుంచీ ఆయన కోరిక అదొక్కటే. ఇళ్ళు కట్టినవాళ్ళు తొమ్మిదేళ్ళ కిందట దాన్ని అక్కడ పెట్టించి వెళ్ళిపోయారు. అదేమిటో ఎవరికీ తెలియదు. దాన్ని చేసిన శిల్పికి ముందురోజే ఫోన్ చేసి, "మీ వస్తువు మీరు పట్టుకుపోండి" అని ఘాటుగానే చెప్పాడు.

మొదటి తలుపు గప్సన్ అవ్వది.

"ఏ బొమ్మ?" అంది అవ్వ.

"రోజూ దాని పక్కనుంచేగా బజారుకెళ్తావు."

"కళ్ళజోడు లేకుండా వెళ్తాను. చూడకుండా సంతకం పెట్టమంటావా?"

చేసేది లేక కిందికి తీసుకెళ్ళాడు. అవ్వ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మా అత్త," అంది. "కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు ఉప్పులో వేస్తూ వంగితే అచ్చం ఇదే నడుము. నలభై ఏళ్ళు నన్ను కాల్చుకు తింది. ఇన్నాళ్ళకు నా గుమ్మం ముందు వానలో నిలబడింది. కదపనివ్వను."

అటుగా వెళ్తున్న సంగీతం మాస్టారు బాంగ్ ఆగాడు. "అత్తేమిటండీ, ఎలుగుబంటి అది. మొదట్లో నాకూ రోతగానే ఉండేది. కొన్ని పాటలూ అంతే, ఇరవైసార్లు వింటేగానీ చెవికి పట్టవు."

"మా అత్తని ఎలుగుబంటి అంటావా?"

"బొమ్మను అన్నానమ్మా."

కేకలకు బాల్కనీలు తెరుచుకున్నాయి. తగువు తీర్చడానికి దిగినవాళ్ళు తలా ఒక పక్షం చేరారు. ఒకావిడ ఓడ అంది. ఆవిడ భర్త కాదన్నాడు. ఆ పూటకు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. సంతకాల కాగితం చేతులు మారి మారి ఖాళీగానే తిరిగొచ్చింది.

సాంగ్‌దాల్‌కు ఓపిక నశించింది. "అత్తా కాదు, ఎలుగుబంటీ కాదు. సాయంత్రం ఐదింటికి ఆ బస్టాపు దగ్గర నిలబడి చూడండి. ఎవరో లేవబోతున్నారు. లేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నారు. మంచు పడ్డ రోజైతే ఇక లేవడం మానుకున్నట్టే ఉంటారు."

అందరూ ఆయన్నే చూశారు.

"అంటే రోజూ చూస్తున్నావన్నమాట," అంది అవ్వ.

"తిట్టుకోవడానికి చూశాను," అన్నాడాయన. చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చింది. శిల్పి టాక్ యున్‌జే దిగి, ఆ గుంపు తనను తన్నడానికే చేరిందనుకుని, నడుము విరిగేలా వంగాడు. "క్షమించండి. కుర్రతనంలో చేశాను. నాకే నచ్చలేదు. తీసుకెళ్ళి కరిగించేస్తాను." తాళ్ళు బయటికి తీశాడు.

ఆ తాళ్ళకు అడ్డంగా ఎవరో నిలబడ్డారు. అది తనేనని సాంగ్‌దాల్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ఫోన్ చేసింది మీరేగా?" అన్నాడు శిల్పి.

"నేనే. దీన్ని మీరెన్నాళ్ళు చూశారు?"

"చేస్తున్నప్పుడు, నాలుగు నెలలు."

"నేను తొమ్మిదేళ్ళు చూశాను. దీని సంగతి మీకేం తెలుసండీ? ఐదింటిదాకా కూర్చోండి."

శిల్పి బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. అవ్వ గిన్నెడు నూడుల్స్ తెచ్చిపెట్టింది. ఐదింటికి ఎండ ఏటవాలుగా పడింది. శిల్పి చాలాసేపు చూసి, ఖాళీ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగున్నరకు బస్సులో వచ్చాడు.