చిట్టెమ్మ ఎక్కిన కుక్కల బండి

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం, బడికి సెలవులిచ్చారని జెద్దా నుంచి సల్మా మేడమ్ పిల్లలిద్దరితో హాయిల్ ఇసుకదిబ్బలకు షికారు వెళ్లింది. వెంట వంటమనిషి చిట్టెమ్మ, డ్రైవరు అమ్మిరాజు. ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. మంచుదేశాల్లో కుక్కలు బండి లాగడం పిల్లలు టీవీలో చూశారు. ఇక్కడ ఇసుక మీద అలాంటి బండే ఎక్కించాలి. వాళ్లు దిగేసరికి చిట్టెమ్మ టీ కాచి ఉంచాలి.

దిబ్బ దగ్గర ఒక ముసలాయన ఆరు వేటకుక్కలను చక్రాల్లేని చెక్కబండికి కడుతున్నాడు. కుక్కలు ఉన్నచోట ఉండటం లేదు. ముడి పడకముందే బండి జరిగిపోతోంది.

“చిట్టెమ్మా, కట్టేదాకా దానిమీద కూర్చో,” అంది సల్మా.

చిట్టెమ్మ అమ్మిరాజు వైపు తిరిగింది. “ఒరే తమ్ముడూ, నేనా? కుక్కని చూస్తే మా నర్సాపురంలో సందు మారిపోయేదాన్నిరా!”

“బరువు కోసమే కదక్కా,” అన్నాడు అమ్మిరాజు. “ఆ విషయంలో మనింట్లో నిన్ను మించినోళ్లెవరున్నారు?”

చిట్టెమ్మ కూర్చుంది. అప్పుడే తుప్పలోంచి ఒక కుందేలు దూకింది. కుక్కలు లంఘించాయి. ముసలాయన చేతిలో తాడు ముక్క మిగిలింది.

మావుళ్లమ్మ తల్లిని పిలుద్దామంటే ఇంత దూరం ఎప్పటికొస్తుందో! ఈ దేశపు దేవుడైతే దగ్గర్లో ఉంటాడనుకుని చిట్టెమ్మ, మేడమ్ భయపడ్డప్పుడల్లా అనే మాటే అందుకుంది. “యా అల్లా!” కుక్కల చెవికి అది “యల్లా” అయింది. అంటే పద పదమని. అవి జోరు పెంచాయి. జోరు పెరిగినకొద్దీ చిట్టెమ్మ భక్తి పెరిగింది, భక్తి పెరిగినకొద్దీ జోరు పెరిగింది.

“చూడు, తనే తోలుకుపోతోంది!” అని సల్మా కారెక్కింది. కారు నాలుగు బారలు పోయి ఇసుకలో కూరుకుపోయింది. మేడమ్ చెప్పులు విడిచి, దిగి తొయ్యాల్సి వచ్చింది.

దిబ్బ అవతల భోజనాలు చేస్తున్నవాళ్లు ఇదేదో పందెమనుకుని చప్పట్లు కొట్టారు. ఆదుకోమని చిట్టెమ్మ చెయ్యెత్తింది. వాళ్లూ సంతోషంగా చేతులూపారు. రెండో దిబ్బ దిగేటప్పటికి తాను ఇంకా పడలేదని ఆమెకు తట్టింది. చల్లటి గాలి మొహాన కొడుతోంది. గట్టిగా నవ్వొచ్చింది. ఈసారి “యా అల్లా!” అని సరదాకే అంది.

కుందేలు మాయమయ్యాక కుక్కలు తిన్నగా తమ గుడారానికి చేరాయి. ముసలాయన భార్య ఎదురొచ్చింది. ఆ బండెక్కేది షికారుకొచ్చే గొప్పవాళ్లే కనుక మర్యాదగా చెయ్యందించి దింపింది. తాను ఖద్దామానని, అంటే పనిమనిషినని, చిట్టెమ్మ చెప్పబోయింది. చలికి పళ్లు కొట్టుకుని “ఖ... ఖ...” దగ్గరే ఆగిపోయింది.

“ఖహ్వానా? కాఫీ కాగుతూనే ఉందమ్మా!” అని ఆవిడ మెత్తటి దిండుకు ఆనించి కూర్చోబెట్టింది.

మొదటి కప్పు అయ్యేసరికి సల్మా వచ్చింది. వట్టి కాళ్లు, మోచేతుల దాకా ఇసుక, ఒళ్లంతా చెమట. ముసలావిడ జాలిగా చూసింది.

“ఈవిడ పనిమనిషివా తల్లీ? పాపం, ఎంత అలిసిపోయావు! ఇదిగో, మీ అమ్మగారికి పొయ్యి,” అని కాఫీ కూజా చేతికిచ్చింది.

ఇక ఉద్యోగం లేదు, టికెట్ కొని ఇంటికి పంపేస్తారనుకుంటూ చిట్టెమ్మ లేవబోయింది. సల్మా కూజా వంక చూసింది, దిండు మీద చిట్టెమ్మ వంక చూసింది. పకపకా నవ్వి, ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, వంగి కాఫీ పోసింది.

“తాగండి అమ్మగారూ!”

చాలనుకుంటే కప్పు ఊపి చూపాలని, లేదంటే పోస్తూనే ఉంటారని చిట్టెమ్మకు తెలుసు. నాలుగు కప్పుల దాకా ఊపలేదు.