మూత బిగియని మజ్జిగ సీసా

పొద్దున్నే సరితకీ మొగుడు శివాజీకీ మజ్జిగ సీసా దగ్గర మాట పెరిగింది. స్టీలు సీసా మూత సరిగా బిగియదని శివాజీ. ప్లాస్టిక్ సీసాలో పోస్తే వాసనొస్తుందని సరిత.

"నా ఒళ్లో ఒలికితే నువ్వొచ్చి తుడుస్తావా?"

"ఒళ్లో పెట్టుకుని టిప్పర్ నడుపుతావా ఏంది?"

శివాజీ ముఖం పాలిపోయింది. ఆ రోజే నకరికల్లు దారిలో ఉన్న క్వారీలో అతనికి డ్రైవర్ పనికి పరీక్ష. మొన్న పని చేసినచోట బండి వెనక్కి తీస్తూ కాంపౌండ్ గోడ కూల్చినప్పటి నుంచి స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. పైగా క్వారీ సూపర్‌వైజర్ ఖలందర్, చిన్న కుదుపుకే డ్రైవర్ని దింపేస్తాడని పేరు. ఈ పని రాకపోతే ఇక బండి జోలికే పోనని శివాజీ ముందే చెప్పేశాడు. సీసాని మూత లేకుండానే గట్టు మీద వదిలేసి, విసురుగా స్నానానికి వెళ్లాడు.

సరితకి జాలేసింది. కంగారు తగ్గుతుందని చెంచాతో కొలిచి అశ్వగంధ పొడి మజ్జిగలో కలిపింది. చెబితే ఇంకా కంగారు పడతాడని చెప్పలేదు. బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది.

శివాజీ వెళ్లిన కాసేపటికి పక్కింటి జాన్‌బీ వచ్చింది.

"మజ్జిగ తీసుకెళ్లాడా శివాజీ?"

"ఏం పిన్నీ?"

"జాజికాయ అరగదీసి కలిపాలే. కంగారు తగ్గుద్ది. నువ్వు పెరట్లో ఉన్నావుగా, చెప్పలా."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు బుజ్జమ్మ చేతులు ఆగిపోయాయి. "నువ్వు కూడానా? నేను జటామాంసి పొడి వేశానే."

"ఎంత వేశావత్తా?"

"గుప్పెట్లో పట్టినంత. ఏమే, అట్టా చూస్తావేంది? చెట్టు వేరు పొడేగా, విషమా?"

"వేరైనా ఆకైనా మెదడు మీద పని చేస్తేనేగా అత్తా కంగారు తగ్గేది. ఒక్కోటి మెదడుని కొంచెం నెమ్మది చేస్తది. మూడూ కలిస్తే, బ్రేక్ ఎక్కడుందో గుర్తొచ్చేలోపు బండి గోతిలో ఉంటది."

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన కోడలు ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా ఎప్పుడూ చెప్పలేదు. బుజ్జమ్మ చిక్కుళ్లు వదిలి లేచింది. శివాజీ ఫోన్ స్విచాఫ్. ముగ్గురూ ఆటో ఎక్కారు.

"ఊరికే కూర్చోకపోతే, వాడి మజ్జిగలో నీకేం పని జానూ?" అని దారంతా బుజ్జమ్మ దెప్పుతూనే ఉంది.

"నీ గుప్పెడు ముందు నా జాజికాయెంతక్కా?" అని జాన్‌బీ.

క్వారీలో దిగేసరికి టిప్పర్ నత్తలా పాకుతోంది. నిద్రలోనే నడుపుతున్నాడనుకుని సరిత కొంగు ఊపుతూ ఎదురెళ్లింది. దుమ్ము కూడా లేవనంత మెల్లగా బండి ఆగింది. కిటికీలోంచి శివాజీ తల బయటపెట్టి, నోటి మీద వేలుంచాడు.

"అరవబాకు. ఆయన లేస్తాడు."

పక్క సీట్లో ఖలందర్, ఒళ్లో ఖాళీ స్టీలు సీసాతో గుర్రు పెడుతున్నాడు. పెద్దాయన ఎండలో వచ్చాడని శివాజీ మర్యాదకి ముందు ఆయనకి ఇచ్చాడు. రుచి కుదిరిందని ఆయన చివరి చుక్క దాకా తాగేశాడు. ఆ తర్వాత కళ్లు మూసుకున్నాడు. కుదుపుకి ఆయన కళ్లు తెరవకుండా నడపడమే పరీక్ష కాబోలనుకున్న శివాజీ, ఊపిరి బిగబట్టి క్వారీ చుట్టూ తిప్పుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర జాన్‌బీని కూడా కూర్చోబెట్టారు.

"లేచాక ఏమన్నాడ్రా?" అంది బుజ్జమ్మ.

"ఇన్నేళ్లలో టిప్పర్లో తనకి కునుకు పట్టడం ఇదే మొదటిసారంట. ఇంత మెత్తగా నడిపేవాణ్ణి చూళ్లేదన్నాడు. రేపటి నుంచి రమ్మన్నాడు. మజ్జిగ కూడా తెమ్మన్నాడు." అన్నం కలుపుకుంటున్న శివాజీ చేతులు వణకడం లేదు.

సరిత గరిటె కింద పెట్టింది. "రేపటి నుంచి ఆ సీసాలో ఉప్పు తప్ప ఇంకేమీ పడదు. ఈ ఇంట్లో ఎవరికి ఏ మందు కావాలన్నా డాక్టర్ని అడగాలి. తాగేవాళ్లకి చెప్పి మరీ ఇవ్వాలి. నాతో సహా."

అందరూ తలూపారు. బుజ్జమ్మ మాత్రం కొడుకు ముందున్న చారు గిన్నెని మెల్లగా తనవైపు లాక్కుంది.