ప్యానెల్‌కు మంచినీళ్లు

ఆదాయం పెరిగిన ఊళ్లో మోకాళ్లు నొప్పి పెట్టవు. ఇది నా అభిప్రాయం కాదు, పావగడ తాలూకాకు వర్తించే ఉత్తర్వు. దాన్ని అమలు చేయడానికి సమృద్ధి-ఆరోగ్య సమన్వయాధికారి అనే కొత్త పదవి పుట్టింది. అందులో మధుకుమార్ అనే పాత ఉద్యోగి కూర్చున్నారు.

క్యాతగానచెర్లు అనే ఊళ్లో ఉండే హొన్నూరమ్మకు మాత్రం ఈ ఉత్తర్వు అందినట్టు లేదు (పోస్టు ఆలస్యం). ఒకప్పుడు తాను వేరుశనగ వేసిన పొలంలోనే ఆమె ఇప్పుడు సోలార్ ప్యానెళ్లు కడుగుతుంది. బోరునీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లమచ్చలు పడతాయని కాంట్రాక్టరు ఫిల్టర్ నీళ్లు తెప్పిస్తాడు. ఫ్లోరైడ్ నిండిన ఆ బోరునీళ్లే తాగి ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి, మనవరాలు మోనిక పళ్ల మీద గోధుమరంగు చారలు లేచాయి. (అద్దం కంటే పన్ను గట్టిదని శాఖ నమ్మకం.)

హొన్నూరమ్మ అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"ప్యానెల్ కడిగే నీళ్లు దినానికి ఒక బిందె ఇప్పీండి సార్. నా కాళ్లు పోతే పోనీ, పాప పండ్లన్నా నిలుస్తాయి."

"మీది తాలూకాలోనే బాగా ఎదిగిన ఊరమ్మా. మీ ఊరికి రోగాల కాలమ్ తీసేసినాం," అన్నారు మధుకుమార్.

"కాలమ్ తీసేస్తే నొప్పి యాడికి పోతాది సార్?"

"అదే పైకి రాసినాం. జవాబు రావాల."

ఆయన చెడ్డవాడని అనను, అంటే పాపం. ఫిల్టర్ నీళ్లు ప్యానెళ్లకు మాత్రమే అన్నది నిబంధన. అందుకని తీవ్రంగా ఆలోచించి, హొన్నూరమ్మనే ప్యానెల్‌గా నమోదు చేయించారు. నలభై ఒకటో వరుస, చివరి నంబరు. రోజుకో బిందె మంజూరైంది (నీళ్లు పైన పోసుకోవాలి, తాగరాదు). ఆమె బిందెకు గుడ్డ కట్టి ఇంటికి మోసుకెళ్లేది. నెల రోజులు మోనిక మంచినీళ్లు తాగింది. ఆ నెల రోజులూ నాకు ఈ ప్రభుత్వం మీద కోపం రాలేదు.

తర్వాత తనిఖీ బృందం వచ్చింది. నలభై ఒకటో వరుస చివరి ప్యానెల్ కరెంటు ఇవ్వడం లేదని గమనించి, ఆ రోజు మబ్బు పట్టింది కాబట్టి పెద్దమనసుతో క్షమించింది. కానీ నిటారుగా నిలబడమంటే ఆ ప్యానెల్ మోకాళ్లు సహకరించలేదు. 'వంగి ఉన్నది, తొలగించవలెను' అని రాసుకున్నారు. మర్నాటి నుంచి బిందె ఆగిపోయింది.

"పాపకేం తాపేది సార్?" అని హొన్నూరమ్మ అడిగిన ప్రశ్నను కూడా పైకి రాశారు.

ఏడాది చివర నివేదిక వచ్చింది. క్యాతగానచెర్లులో రోగులు (కాలమ్ లేదు కాబట్టి): సున్నా. పాడైన ప్యానెళ్లు: ఒకటి.