మా ఆయన్ని మగాణ్ణి చేసిన సంఘం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా ఆయన నాట్యం మానేస్తాడేమోనని.

చిన్న భయాలు చాలానే ఉన్నాయి. పొయ్యి కట్టేశానా లేదా, పాప ఊపిరి తీస్తోందా లేదా, తీస్తుంటే మరీ అంత గట్టిగా ఎందుకు తీస్తోంది, ఇలాంటివి రోజూ వచ్చి పలకరించి పోతుంటాయి. ఈ పెద్ద భయం మాత్రం మా ఇంట్లోనే కాపురం పెట్టింది. మా పాప ఊపితే నిద్రపోదు, పాడితే అసలే పోదు. వాళ్ళ నాన్న వంటగదికీ ముందుగదికీ మధ్య అడుగులు సాధన చేస్తుంటే, ఆ చప్పుడుకి కళ్ళు మూసుకుంటుంది. ఆ నాన్న కూడా అంతే. పగలంతా లిఫ్టుల గోతుల్లో దిగి గ్రీజు పూసుకుని వచ్చే మనిషి, నాలుగు అడుగులు వేశాకే మళ్ళీ మనిషవుతాడు.

అయితే ఈ విషయంలో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సబబు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. కట్టుకున్న మొగుడు మగాడో కాదో తేల్చడానికి నా చదువు చాలదు. అందుకని విద్యావంతులతో ఒక సంఘం ఏర్పడింది. ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మా మామగారు దానికి అధ్యక్షులు. కార్ల బ్యాటరీలు అమ్మే మా ఆడపడుచు భర్త, అంటే మా బ్యాటరీల అన్నయ్య, సభ్యుడు. మా అత్తగారు టీ.

సంఘం పుట్టడానికి కారణం ఒక పోస్టరు. మా ఆయన నేర్చుకునే నాట్యబృందం త్వరలో ప్రదర్శన ఇవ్వబోతోందని వీధి మలుపులో అంటించారు. అందులో మా ఆయన చేతులు పైకెత్తి, మెడ ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. పాలకని వెళ్ళిన మామగారు ఆ మెడను చూశారు. పాలు తేవడం మరిచిపోయి ఇంటికొచ్చి సంఘాన్ని సమావేశపరిచారు.

"ఇలా మెడ వాల్చే మగవాళ్ళకి ఆడవాళ్ళంటే ఇష్టం ఉండదు. ఇది లోకవిదితం" అని అధ్యక్షులు ప్రారంభోపన్యాసం చేశారు.

"మరి ఈ పిల్ల ఎవరి పిల్లండీ? పైనుంచి ఊడిపడిందా?" అంది అత్తగారు, గ్లాసులు అందిస్తూ.

"పిల్లలు పుట్టడం వేరు, ప్రవృత్తి వేరు. నువ్వు టీ సంగతి చూడు."

తర్వాత సాక్షిగా నన్ను పిలిచారు. "అమ్మాయ్, సిగ్గుపడకుండా చెప్పు. వాడు నీతో బాగానే ఉంటాడా?"

"బాగానే ఉంటారు మామయ్యగారూ. అంట్లు కూడా తోముతారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కేసు నా చేతుల్లోనే బిగుసుకుపోయింది. నేను సర్దుబాటు చేద్దామని, పాప బట్టలు కూడా రంగులు కలవకుండా ఆయనే ఉతుకుతారని చేర్చాను. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా తల మీద చెయ్యి పెట్టి, "నీకు అన్యాయం జరిగిపోయిందమ్మా" అన్నారు. మా ఆయన్ని చేసుకున్నాక ఆ ఇంట్లో నా మీద అంత ప్రేమ చూపించడం అదే మొదటిసారి.

అసలైన మగవాడి అభిరుచి ఎలా ఉండాలో బ్యాటరీల అన్నయ్య సోదాహరణంగా వివరించారు. ఆయన ప్రతి ఆదివారం టీవీలో కుస్తీలు చూస్తారు. ఒంటినిండా నూనె రాసుకుని, మెరిసే చిన్న చెడ్డీలు వేసుకున్న మగవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని కిందపడి దొర్లుతుంటే, ఆయన కుర్చీ అంచుకి జరిగి, నోరు తెరుచుకుని, పిలిచినా పలకకుండా చూస్తారు. ఎవరి తొడ ఎంత లావో ఆయనకు నోటికొచ్చు. ఇలాంటి ఆరోగ్యకరమైన అలవాటు మా ఆయనకి చిన్నప్పుడే చేయించి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదని సంఘం ఏకగ్రీవంగా విచారం వ్యక్తం చేసింది.

ఆ సాయంత్రం మా ఆయన, నాట్యం మానెయ్యాలన్న తీర్మానం మొత్తం నిలబడి విన్నాడు. నాట్యానికి వేసుకునే బూట్లు అటక మీద పడేసి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పాప ఏడుపు మొదలుపెట్టింది.

"ఒక్కసారి లేచి అడుగులేయండి" అన్నాను.

"వదిలెయ్యి. నన్ను అంటే అన్నారు. నీ మీద జాలిపడుతున్నారే, అది చూడలేకపోతున్నా."

"పడనివ్వండి. వాళ్ళ జాలి ఏమన్నా బరువా, మొయ్యలేకపోవడానికి?"

లేవలేదు. నా పెద్ద భయం నిజమైంది. మర్నాడు పాప ఏడుపుకి పైవాటావాళ్ళు వచ్చారు, ఆ మర్నాడు కిందవాటావాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివారూ పాపకి కడుపునొప్పి మందు చెప్పి, వెళ్ళేముందు మా ఆయన మెడ వంక ఒకసారి చూసి వెళ్ళారు.

నాట్యం మానిపించడంతో సంఘం ఊరుకోలేదు. జబ్బు తగ్గితే చాలదు, బలం రావాలి కదా. అందుకని మా పేటలోకెల్లా మగతనం మూర్తీభవించిన వ్యక్తి కోసం అన్వేషించి, టైర్ల కొట్టు వెనక షెడ్డులో బరువులెత్తడం నేర్పే వస్తాదుగారిని పిలిపించారు. ఆయన లోపలికి రావడానికి పక్కకి తిరగాల్సి వచ్చింది. కూర్చుంటే కుర్చీ మూలిగింది. బ్యాటరీల అన్నయ్య ఆయన భుజాల వంక చూసి రెండుసార్లు గుటక మింగారు.

"అయ్యా, మా కుటుంబ ప్రతిష్ఠని మీ చేతుల్లో పెడుతున్నాం. మా వాణ్ణి మీలా తయారు చెయ్యండి" అని మామగారు లేచి నిలబడి మరీ అర్థించారు.

వస్తాదుగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నాలా అంటే ఎలాగండీ? నాట్యం సంగతైతే, నిజమే, నాకది పడదు. చూస్తే నిద్రొస్తుంది. కానీ నాకు ఆడవాళ్ళంటే ఇష్టం లేదండీ. నేనూ తాళాలు బాగుచేసే ఆయనా చాలా ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయనే నా మనిషి."

నేను పాపని గట్టిగా పట్టుకున్నాను. అత్తగారి చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

మామగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా! ఆడదాని జోలికి పోని మనిషి! స్నేహానికి ప్రాణమిచ్చే మనిషి! మగాడంటే ఇలా ఉండాలి!" అన్నారు. బ్యాటరీల అన్నయ్య చప్పట్లు కొట్టారు.

"అది కాదండీ..." అన్నారు వస్తాదుగారు.

"వినయం కూడా!" అన్నారు అధ్యక్షులు.

అలా మా ఆయన రోజూ సాయంత్రం షెడ్డుకి పోవడం మొదలుపెట్టాడు. నేను పాపని చంకనేసుకుని మంచినీళ్ళు తీసుకెళ్ళి చూద్దును కదా, ఇనపబరువులన్నీ గోడవారకి జరిపేసి ఉన్నాయి. మధ్యలో మా ఆయన అటక మీది బూట్లు వేసుకుని గిరగిరా తిరుగుతున్నాడు. బల్ల మీద వస్తాదుగారు గురక. పాప ఆ అడుగులు విని, పట్టుమని నిమిషం గడవకుండా నా భుజం మీద వాలిపోయింది. వస్తాదుగారి పక్కనే పడుకోబెట్టాను. ఇద్దరూ ఒకే శ్రుతిలో గురకపెట్టారు. కొట్టు కట్టేసి వచ్చిన తాళాల ఆయన, ఏమీ అడగకుండా తన కండువా తీసి ఇద్దరికీ కలిపి కప్పాడు.

వస్తాదుగారు లేచాక అడిగాను. "అన్నయ్యగారూ, మా వాళ్ళకి ఇంకోసారి అర్థమయ్యేలా చెప్పకపోయారా?"

"ఎక్కడికెళ్ళినా ఉన్నమాట ఉన్నట్టే చెబుతాను చెల్లెమ్మా. ఈ భుజాలు చూశాక ఎవరికీ వినపడదు. ఇవే మాటలు మీ ఆయన అనుంటే పేటంతా వినపడేది" అన్నారు.

తగిన వ్యవధి తర్వాత సంఘం మా ఆయన్ని తనిఖీ చేసింది. ప్యాంటు పైకి మడిపించి పిక్కలు నొక్కి చూశారు. రాళ్ళలా ఉన్నాయి. మగతనం సంతృప్తికరంగా తిరిగి వచ్చినట్టు అధ్యక్షులు ప్రకటించారు. మగతనం స్థిరపడ్డాక ఇక నాట్యం చేసినా ప్రమాదం లేదని, అసలు అంత గట్టి పిక్కలున్నవాడు చేసేదాన్ని నాట్యం అనడమే తప్పని కూడా తేల్చారు.

ప్రదర్శన రోజున అందరం మొదటి వరసలో కూర్చున్నాం. వస్తాదుగారు తెర లేచేదాకా మెలకువగానే ఉన్నారు. మా ఆయన పోస్టరులో వాల్చినట్టే మెడ వాల్చాడు. బ్యాటరీల అన్నయ్య వెక్కివెక్కి ఏడ్చారు. కొట్లో యాసిడ్ ఘాటు ఇంకా కళ్ళలో ఉందని మాకందరికీ విడివిడిగా చెప్పారు. మామగారు లేచి, "బరువులెత్తడం వల్ల ఎంత లాభమో చూడండి!" అని వెనక వరసలకి వినిపించేలా అరిచారు. పాప మొదటి పాటకే నిద్రపోయింది. నా పెద్ద భయం ఆ రోజుతో ఇల్లు ఖాళీ చేసింది.

కానీ సంఘాలకి పని ఉండాలి కదా. మా ఆయన బాగుపడ్డాక వాళ్ళ దృష్టి కృతజ్ఞత మీదకు మళ్ళింది. ఇంత గొప్ప మగాడు ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉండటం పేటకే అవమానమని, వస్తాదుగారికి పెళ్ళి చెయ్యాలని తీర్మానించారు. ఆయన మళ్ళీ చెప్పారు. "నాకు మగవాళ్ళంటేనే ఇష్టమండీ. నాకు ఇల్లుంది, ఇంట్లో మనిషున్నాడు."

"మీకు ఆడపిల్లల తండ్రుల ముందు మొహమాటం. మేం మాట్లాడతాం" అన్నారు మామగారు.

అప్పటినుంచి షెడ్డు తలుపు కిందినుంచి పెళ్ళికూతుళ్ళ ఫొటోలు లోపలికి తోస్తున్నారు. పేటలో అందరికీ ఎవరో ఒక పిల్ల ఉంది. నాట్యం చేసేవాడికైతే పిల్లనివ్వం అన్నవాళ్ళే ముందు నిలబడి తోస్తున్నారు. మొన్నటినుంచి షెడ్డు తీయలేదు. తాళాల కొట్టుకి కూడా తాళం వేసి ఉంది. మా ఆయన పొరుగూరి లిఫ్టు పనిమీద వెళ్ళాడు, పాపకి జలుబు చేసింది, నేను కదల్లేకపోతున్నాను.

మీలో ఎవరైనా అటుగా వెళితే ఆ ఇద్దర్నీ ఒక్కసారి చూసి రండి. టైర్ల కొట్టు వెనక సందు, మేడమీద గది. తలుపు కొట్టేముందు సంబంధం కోసం రాలేదని గట్టిగా చెప్పండి, లేకపోతే తీయరు. తిన్నారో లేదో అడగండి. ఇంత చదివాక కూడా మీలో ఒకరిద్దరికి, ఆ భుజాలకి తగిన మంచి పిల్ల ఎవరో గుర్తొచ్చే ఉంటుంది. ఆ ఫొటో మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.